అద్దాల బీరువాయు సత్యశుద్ధియు

ఇంటిలోని పాత వస్తువును అక్కరకు అమ్ముకొనుట దోషము కాదు. అయితే కొనువాడు పొరబడినపుడు అమ్మువాడు మౌనము వహింపవచ్చునా? తాను నోరు తెరచి అసత్యము పలుకనంత మాత్రమున నిర్దోషి యగునా? ఇది వ్యవహారమున నిత్యము ఎదురగు ప్రశ్న. దీనినొక దృష్టాంతముతో విచారింతము.

ఏలూరులో ఒక గృహస్థు కలడనుకొందము. తాతగారి నాటినుండి వారి ఇంట ఒక అద్దాల బీరువా ఉన్నది. వంపు తిరిగిన కాళ్లు, ముందునకు ఉబ్బిన అద్దములు, తలుపుల అంచులకు బంగారు పూత గల లోహపు లతలు, క్రింది పలకలపై తోటలో విహరించు స్త్రీపురుషుల చిత్రములు. ఇంటివారు దానిని ఫ్రెంచి బీరువా అందురు. కుమార్తెకు తాడేపల్లిగూడెములో చదువు కుదిరినది. రుసుము చెల్లింపవలెను. చూడవచ్చిన వ్యాపారి, “ఇది పదునైదవ లూయీ రాజు నాటిదండీ. బుస్సీ దొర వెంట వచ్చి యుండును” అని తానే పెద్ద ధర పలికెను.

ఆ మాటకు చరిత్రలో కొంత ఆధారము లేకపోలేదు. 1753లో సలాబత్ జంగు ఏలూరు, ముస్తఫానగరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను బుస్సీకి ఒప్పగించెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమునందును, 1759 ఏప్రిలులో మచిలీపట్టణమునందును ఫ్రెంచివారు ఓడిపోయిరి. ఆ ఏలుబడికి ఆరేండ్లు కూడ నిండలేదు. అయినను అది నిజముగా జరిగినది కనుకనే వ్యాపారి కథ నమ్మదగినదిగా తోచుచున్నది.

కాని గృహస్థునకు అసలు సంగతి తెలియును. కొల్లేటి సీమ చెమ్మకు జిగురు పట్టు విడిచి బీరువా ప్రక్కన చెక్కపొర లేచినపుడు, బాగుచేయ వచ్చిన వడ్రంగి అతనికి చూపెను. చేతి రంపముతో కోసిన పొర మందముగా, హెచ్చుతగ్గులుగా నుండును. ఇది పలుచగా, అంతటను సమముగా నున్నది. పూర్వము చేతితో చేసిన మరమేకులు ఒకదానితో నొకటి సరిపోలవు. ఇవి అన్నియు ఒక్క తీరున నున్నవి. అనగా ఇది యంత్రములు వచ్చిన పిమ్మట చేసినది. 1774లో గతించిన పదునైదవ లూయీ నాటి శైలిని పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున పారిసు పనివారు మరల చేపట్టి ఇట్టి బీరువాలను విరివిగా చేసిరి.

అనుకరణ స్వయముగా దోషము కాదు. పాత శైలిని చూచి చేసిన వస్తువునకును తనదైన అందము, తనదైన వెల కలవు. హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగు మ్యూజియములోని ఫ్రెంచి సామగ్రిని చూచినవారికి ఆ పనితనమెంత ఓర్పు కోరునో తెలియును. ఆ బంగారు పూత వెనుక గల శ్రమయు తలపవలసినదే. పూర్వపద్ధతిలో బంగారమును పాదరసముతో కలిపి లోహముపై పూసి నిప్పుసెగ చూపెడివారు. పాదరసము ఆవిరియై పోగా బంగారము నిలుచును. ఆ ఆవిరిని పీల్చిన పనివారు చేతులు వణకి వ్యాధిగ్రస్తులైరి. పిమ్మట విద్యుత్తుతో పూత వేయు పద్ధతి వచ్చినది. ఏ పద్ధతిలో చేసినను, చేసినవాని కాయకమును మరుగుపరచి వస్తువునకు రాజు పేరు తగిలించుట ఆ శ్రామికునకు కూడ అన్యాయమే.

“వ్యాపారి తెలివిగలవాడు, అతని పొరపాటు అతనిదే. పైగా ఆడపిల్ల చదువు ధర్మకార్యము కదా” అని కొందరందురు. గృహస్థునకు నిజము తెలియకున్నచో ఈ వాదము చెల్లును. తెలిసియుండగా చెల్లదు. కొనువాడు క్రొత్త బియ్యమును పాత బియ్యమని భ్రమించి ఎక్కువ వెల ఇచ్చుచుండగా, ఊరకుండి సొమ్ము పుచ్చుకొన్న అంగడివానిని మనమేమందుము? అతడు అబద్ధమాడలేదని మెచ్చుకొందుమా? లాభము నాసించి పాటించు మౌనము మాటతో సమానమే. ఆ వ్యాపారి రేపు అదే కథ మరియొకరికి చెప్పి అమ్మును. ఆ అసత్యమునకు మొదటి ఊతమిచ్చినవాడు ఈ గృహస్థే యగును.

సత్యశుద్ధమైన కాయకము వలన వచ్చినదే దాసోహమునకు తగునని బసవేశ్వరుని మార్గము. చేసెడి పని మంచిదైనంత మాత్రమున వచ్చిన ధనము శుద్ధి కాదు. ధనము వచ్చిన త్రోవయు శుద్ధముగా నుండవలెను.

కావున గృహస్థు, “అయ్యా, ఇది రాజుగారి నాటిది కాదు. తరువాతి కాలపు పని. ఇదిగో, ఈ పొరను, ఈ మరమేకులను చూడుడు” అని చెప్పవలెను. ధర తగ్గవచ్చును. తగ్గిన మొత్తమునకు అప్పు చేయవలసి రావచ్చును. అది భారమే. కాని అప్పు నెలనెలా తీరును. తెలిసి చేసిన మోసము అట్లు తీరునది కాదు. ఆ మాటలు జరుగునపుడు కుమార్తె గుమ్మము వద్ద నిలిచి వినుచున్నదనుకొందము. కళాశాలలో అడుగిడక మునుపే ఆమెకు తండ్రి వద్ద ఒక పాఠము జరుగుచున్నది. అది ఏ పాఠము కావలెనో నిర్ణయించువాడు తండ్రియే.