మైనం కింద

మెరిసేదాన్ని మనవాళ్లు తొందరగా నమ్మరు. మేడిపండు మాట ఊరికే పుట్టలేదు. పైన పటారం, లోన లొటారం అని మా బరంపురం వీధుల్లో చిన్నపిల్లలు కూడా అనేవారు. ఆ నీతి వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, 2018 అక్టోబరులో డెట్రాయిట్ పక్కన మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు, శనివారం పొద్దున్నే వాడు కారుని గంటల తరబడి గుడ్డతో రుద్దుతూంటే నాకు నవ్వొచ్చింది.

"దాన్నేమైనా పెళ్లికూతుర్ని చేస్తున్నావుట్రా?" అన్నాను.

"చలికాలం వస్తోంది నాన్నా. ఇప్పుడు వాక్సు రాయకపోతే ఉప్పు తినేస్తుంది" అన్నాడు.

ఉప్పు అనేసరికి నాకు ఆసక్తి కలిగింది. మాది గంజాం జిల్లా. హుమ్మా ఉప్పు మడులు చూస్తూ, గోపాలపురం సముద్రపు గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలడం చూస్తూ పెరిగినవాళ్లం. కాని మంచుదేశంలో ఉప్పేమిటి?

డెట్రాయిట్ కార్ల ఊరని అందరికీ తెలుసు. ఆ ఊరి కింద, 1,100 అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉందని మాత్రం అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు. మంచు కురిస్తే రోడ్ల మీద చల్లేది అలాంటి రాతి ఉప్పే. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. చలి ఇంకా ముదిరితేగాని బిగుసుకోదు. రోడ్డు జారదు, మనుషుల ప్రాణాలు నిలబడతాయి. అదే ఉప్పునీరు కారుకి అంటుకుని ఇనుముని తింటుంది. కార్లు చేసిన ఊరే కార్లను తినే ఉప్పుని కడుపులో దాచుకుని ఉండడం నాకు విడ్డూరంగా తోచింది గాని, అక్కడివాళ్లకి అదేమీ పట్టినట్టు లేదు.

దగ్గర కూచుని వాడి పని చూశాను. ముందు కారుని కడిగి తడి లేకుండా తుడిచాడు. బంకమట్టి ముద్దలాంటిదొకటి తీసుకుని, సబ్బునీళ్లు చల్లుతూ రంగు మీద మెల్లగా నడిపించాడు. కడిగినా పోని సన్నటి గరుకంతా దానికి అంటుకొచ్చింది. తడిమి చూడమన్నాడు. గాజు మీద చెయ్యి పెట్టినట్టుంది. ఆ తరవాత మైనం. ఎండ తగలనిచోట, మరీ చలి ముదరకముందే రాయాలట. రవ్వంత తీసుకుని బోలెడంత మేర సాగదీస్తున్నాడు. నాకది పిసినారితనంలా కనబడి, "ఇంకాస్త దట్టంగా పెట్టరా, చలికాలమంతా ఉంటుంది" అన్నాను.

"దట్టంగా పెడితే నిలవదు నాన్నా, తుడిచేటప్పుడు గుడ్డకే పోతుంది. పల్చగా ఒక పూత, అది కుదురుకున్నాక మళ్లీ పల్చగా ఇంకో పూత."

మొదటి పూత రసాయనాలతో చేసినది, నెలల తరబడి నిలిచేది. దాని పైన కార్నౌబా మైనం. దీనికి మెరుపు ఎక్కువ, ఆయువు నెలా రెణ్ణెల్లు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో తాటిజాతి చెట్టొకటి, ఎండలకి తనలోని నీరు ఆవిరైపోకుండా ఆకులకి పూసుకునే మైనం అది. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడిగా రాలుతుంది. ఎండ నుంచి చెట్టుని కాచిన పూత, మంచులో కారుని కాయడానికి ఇంతదూరం వచ్చింది. తెల్లగా మసకబారిన ఆ పొరని మెత్తటి గుడ్డతో తుడిచేసరికి గరాజులో బల్బు బానెట్ మీద స్పష్టంగా కనబడింది.

నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఆ మెరుపు ఎవరినో మెప్పించడానికి కాదు. మైనం ఉన్నచోట నీటిబొట్టు పరుచుకోదు, జారిపోతుంది. దెబ్బ ముందు మైనం తింటుంది, అది అరిగాక గాని రంగు జోలికి రాదు. అరిగిపోవడమే దాని పని. లోపలిదే నిజం, పైదంతా అబద్ధం అని ఎంత తేలిగ్గా అనేస్తాం! మన ఒంటి చర్మం పైదే గదా.

ఇంగ్లీషులో సిన్సియర్ అన్న మాటకి "మైనం లేనిది" అని అర్థం చెప్పే కథ ఒకటుంది. దొంగ శిల్పులు పాలరాతి పగుళ్లని మైనంతో పూడ్చి అమ్మేవారనీ, నిజాయితీ గల శిల్పి మైనం లేదని చెప్పి అమ్మేవాడనీ. నిఘంటుకారులు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోరు. కథ కల్పితమే అయినా అందులోని ప్రశ్న కల్పితం కాదు. ఒకే మైనం ఒకచోట కాస్తుంది, ఇంకొకచోట కప్పుతుంది. తేడా ఎక్కడుంది?

రెండో కారు దగ్గర నాకీ ప్రశ్న తగిలింది. అది పన్నెండేళ్ల బండి. వెనక చక్రం పైన రంగు చిన్న చిన్న పొక్కులుగా లేచింది. అది సరే, కంటికి కనబడేదే. అడుగున బ్రేకుల నూనె పోయే ఇనప గొట్టాలు తుప్పు పట్టాయని మెకానిక్ చెప్పాడట. ఇంకో ఏడాది రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. మైనం అక్కడికి చేరదు. మిచిగన్ రాష్ట్రంలో సొంత కార్లకి ఏటా భద్రతా తనిఖీ చేయించాలన్న నియమమూ లేదు. మావాడు చలి తగ్గాక దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాడు.

"కొనేవాడికి చెప్తావా?" అన్నాను.

"అడిగితే చెప్తాను. చూసుకునే కదా కొంటాడు నాన్నా."

ఆ మాట నేను అంతకుముందొకసారి విన్నాను, 1961లో, మా నాన్నగారి నోట. ఆయనకో సైకిలుండేది. ఏటా దసరాకి చక్రాలకీ హేండిలుకీ కొబ్బరినూనె రాసి తళతళలాడించేవారు. ముందు ఫోర్కు లోపల తుప్పు తినేసిందని సైకిలు బాగుచేసే ఆయన చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ దసరా వెళ్లగానే దాన్నొక పాలవాడికి అమ్మారు. నెల తిరక్కుండా ఫోర్కు విరిగి అతను పడ్డాడు, మోచెయ్యి విరిగింది. మా అమ్మ ఏదో అనబోతే, "చూసుకునే కదా కొన్నాడు" అన్నారు. ఆ ఒక్కసారే. ఒకరి కానీ ముట్టని మనిషి ఆయన. ఆ తరవాత పాలవాడు గుమ్మంలోకి వస్తే లేచి లోపలికి వెళ్లిపోయేవారు. నాకప్పుడు పదమూడేళ్లు. ఫోర్కు మాట నేనూ విన్నాను. నేనూ చెప్పలేదు.

క్రీ.పూ. 44లో రోమన్ పండితుడు సిసిరో తన కొడుకుని ఉద్దేశించి రాసిన ధర్మగ్రంథంలో ఈ తగువే ఉంది. ఇంట్లో లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. చెప్పి తీరాలా? దాచడం వేరు, ఊరుకోవడం వేరు అంటాడు డయోజనిస్ అనే తత్త్వవేత్త. దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కంటే ఇది పాపం, తెలిసి తెలిసి తప్పుదారి పట్టించడం అంటాడు ఆంటిపేటర్. సిసిరో ఈ రెండోవాడి పక్షమే. నేను డయోజనిస్‌ని అంత సులువుగా తీసిపారెయ్యలేను. అమ్మేవాడు ప్రతి గీతా ఏకరువు పెట్టాలంటే బజారు నడవదు. రంగు మీద పొక్కుని కొనేవాడి కంటికి వదిలెయ్యొచ్చు. కాని గొట్టం సంగతి వేరు. అది కంటికి ఆనదు, దాని మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది. పైగా మెరుపు చేసే పనొకటుంది. అది చూపుని పైనే నిలబెట్టేస్తుంది, వంగి చూడాలన్న ఆలోచనే రానివ్వదు. అబద్ధమాడకుండానే ఎదటివాడి కన్ను పక్కకి తిప్పుతాం.

మార్చిలో ఒక ఆదివారం విజయనగరం కుర్రాడొకడు కారు చూడ్డానికి వచ్చాడు. అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. ముందురోజే మావాడు బండికి మళ్లీ మైనం రాశాడు. అదే డబ్బా, అదే గుడ్డ, అదే చెయ్యి. కుర్రాడు బానెట్ నిమిరి, "భలే ఉంచారన్నా" అన్నాడు. నేను టీ తెచ్చి ఇస్తున్నాను.

"బాబూ, కింద బ్రేకు గొట్టాలు ఒకసారి చూసుకో" అన్నాను.

మా అబ్బాయి నా వంక చూడలేదు. లోపలికి వెళ్లి టార్చిలైటు తెచ్చి కుర్రాడి చేతికిచ్చాడు.

గొట్టాలు మార్పించాకే బండి ఇచ్చాడు. నాతో నాలుగురోజులు ముక్తసరిగా మాట్లాడాడు. "చెప్పదలుచుకుంటే ముందురోజు నాతోనే అనొచ్చుగా, పరాయివాడి ముందు అనాలా?" అన్నాడు చివరికి. వాడి కోపంలో న్యాయముంది. కారు నాది కాదు. నాకు నోరు పెగలడానికి 57 ఏళ్లు పట్టింది, దాని ఖర్చు మాత్రం నా కొడుకు భరించాడు. పాలవాడి ముందు అనవలసిన మాట కుర్రాడి ముందు అన్నానేమో. వాడికి నేనేమీ జవాబు చెప్పలేదు.

తరవాతి అక్టోబరులో ఆ కుర్రాడు ఫోను చేసి, చలికాలానికి ఏ మైనం మంచిదని అడిగాడట. మా కోడలు చెప్పింది.