శీతలోపచారము ఎవరికి?

శీతోష్ణములు వచ్చి పోవునవి గనుక వానిని సహింపవలసినదని గీత ద్వితీయాధ్యాయమున విన్న చెవులతోనే, వేసవి రాగానే శివలింగముపై ధారాపాత్రనుండి బొట్టుబొట్టుగా రాలు నీటి సవ్వడిని విని, సింహాచలమున అక్షయతృతీయనాడు నిజరూపదర్శన మిచ్చిన స్వామికి మరల చందనము పూయుదురని తెలిసికొన్న జిజ్ఞాసువునకు ఒక సందేహము పొడమక మానదు. సహనమే ఉత్తమగుణమైనచో, చలియు వేడియు సోకని దేవునికి ఈ శీతలోపచారము లేల?

నాకు తోచిన సమాధాన మిది: తితిక్ష, అనగా ఆ సహనము, తనకొఱకు విధింపబడినది, ఉపచారము ఇతరులకొఱకు. వైశాఖమాసమున చేయవలసిన దానములను చూడుడు. ఉదకుంభము, విసనకఱ్ఱ, గొడుగు, పాదరక్షలు. వీనిలో దాచుకొనుమని చెప్పిన దొక్కటియు లేదు. బాటసారికి చలివేంద్రము పెట్టినవాడు, తాను మాత్రము ఎండలో నడచిపోయినను, ధర్మమునకు లోపము లేదు.

ఈ విచారము కురిచేడువంటి యూర నుండి చేయుట యుక్తము. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలు వినుకొండ దాటి ఇచ్చటికి చేరునప్పటికి గాలి సెగగా మారును. తీరప్రాంతమందలి ఒంగోలు, చీరాలలయందు ఎండకు ఉక్కపోత తోడు; ఈ పశ్చిమభాగమున గాలి పొడిగా నుండుటచే వడయే ప్రధానశత్రువు. అయినను ఆ పొడిదనమే ఒక ఉపకారమును చేయుచున్నది. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు పరిసరములనుండి సుమారు 580 కిలోకేలరీల వేడిని గ్రహించును. గాలి ఎంత పొడిదైన ఈ క్రియ అంత చురుకుగా సాగును గావున, మట్టికుండలోని నీరును, తడిపి వ్రేలాడగట్టిన వట్టివేళ్ళ తడికెయు సముద్రతీరమునందుకంటె ఇచ్చటనే బాగుగా చల్లబఱచును.

ఈ ప్రాంతపు పాత మిద్దె యిండ్లును అట్టి యెఱుకతోనే కట్టబడినవి. మూరెడు మందము, అంతకు మించియు గల రాతిమట్టి గోడలు, దూలములపై దంతెలు పఱచి ఆపైన కప్పిన చౌడుమట్టి, వేడిగాలి పైకి పోవుటకు గవాక్షము, వెలుపల సున్నపు పూత: పగటి ఎండ ఆ గోడను దాటి లోపలికి వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకును. అప్పుడు లోపల వేడెక్కిన మాట నిజమే. కాని యింటివారు ఆ వేళకు మిద్దెపైనో, వాకిట వేపచెట్టు ప్రక్క నులకమంచములపైనో ఉందురు. ఆ వేడి రాత్రియంతయు ఆకాశములోనికి పోవును. పొరుగువానికి దానివలన బాధ లేదు. (పాతది గనుక సర్వము మంచిదే యని నేననను. వానకు కాఱు మిద్దెలను, గోడసందుల తేళ్ళను మఱచి మిద్దెను స్తుతించుట సత్యమునకు ద్రోహము.)

1902లో విల్లిస్ క్యారియర్ అను అమెరికా యంత్రజ్ఞుడు బ్రూక్లిన్‌లోని ముద్రణాలయములో కాగితము తేమకు చెడకుండుటకై కల్పించిన ఉపాయము నేడు ఏసీ యను పేర మన యిండ్లకు వచ్చినది. అది చల్లదనమును పుట్టించునది కాదు. వేడిని ఒకచోటనుండి మఱియొకచోటికి మోయునది. టన్నున్నర యంత్రము గదిలోనుండి సుమారు 5 కిలోవాట్ల వేడిని తీసి, తాను వాడుకొన్న విద్యుత్తును కూడ వేడిగా మార్చి కలిపి, 6 కిలోవాట్లకు పైగా వీథిలోనికి వదలును. ఆ వీథిలో సిమెంటు రేకుల క్రింద నివసించువా డుండును. ఉపచారము తనకు, తితిక్ష పొరుగువానికి: వైశాఖధర్మమును తలక్రిందులు చేయుట యనగా నిదియే.

అయినను ఇంతటితో యంత్రమును నిషేధింపబూనుట మఱియొక అధర్మము. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పని మానిన పూట గడవని కూలివానికిని, ముదుసలికిని తితిక్షను బోధించుట వేదాంతము కాదు, నిర్దయ. తితిక్ష తాను పూనవలసిన వ్రతమే గాని పరుని దేహముపై మోపవలసిన విధి కాదు. పసిబిడ్డయు రోగియు ఉన్న యింట ఏసీ నడచుట శీతలోపచారమే. నాకు దానియందు ఆక్షేపము లేదు. ఆరోగ్యవంతుడు దుప్పటి కప్పుకొనునంతగా గదిని చల్లబఱచుకొనుటయే ఆక్షేపణీయము.

తెల్లని కప్పు ఎండను చాలవఱకు త్రిప్పికొట్టునని మన పెద్దల సున్నము ఎఱుగును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. కాబట్టి పాఠకులారా, వచ్చు ఫాల్గుణమున మీ డాబాకు సున్నము వేయించునప్పుడు మఱి రెండు బకెట్లు అధికముగా కలిపించి, ప్రక్కనున్న రేకుల యింటి కప్పునకు కూడ పూయింపుడు.