బెసలేలు చేతులు

వాక్యభాగము: నిర్గమకాండము 31:1–6, 35:30 నుండి 36:7 వరకు



దేవుని ఆత్మతో నింపబడినవాడని పరిశుద్ధ గ్రంథము పేరుపెట్టి మొట్టమొదట చెప్పిన మనుష్యుడెవరు? మనలో కొందరు అబ్రాహాము అందురు, కొందరు మోషే అందురు. గ్రంథము విప్పి చూడుడి. అతడు యూదా గోత్రికుడు, ఊరీ కుమారుడు, పేరు బెసలేలు. అతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు, యుద్ధవీరుడును కాడు. అతడు చేతిపనివాడు. బంగారము, వెండి, ఇత్తడి పని చేయును, రత్నములు పొదుగును, కొయ్య చెక్కును. దేవుడే మోషేతో ఇతని పేరు చెప్పి, ఈ నేర్పు నాయొద్దనుండి వచ్చినదని తెలియజేసెను. దాను గోత్రికుడైన అహోలీయాబును అతనికి తోడుగా నిచ్చెను.

ఈ మాట మనము గట్టిగా పట్టుకొనవలెను. ఏలయనగా వాక్యము బోధించువాడు, పాట పాడువాడు దేవుని వరము పొందినవారనియు, తీగెలు కలిపి యంత్రము బాగుచేయు పిల్లవానిది లోకసంబంధమైన పనియనియు మనలో అనేకులు తలంచుచున్నారు. సీనాయి కొండమీద దేవుడు అట్లు చెప్పలేదు. పిల్లవాడు తన పనికి గుడిలో చోటు లేదని తలంచిన దినమున ఆ పనిని గుడి వెలుపలికి తీసికొనిపోవును. కొంతకాలమునకు తానును వెలుపలికి పోవును. ఈ నష్టము చిన్నది కాదు.

మరికొందరు పెద్దలు వేరొక మాట చెప్పుదురు: “కొత్త యంత్రములు, కొత్త విద్యలు పట్టణపు పిల్లలకు. మన పల్లె పిల్లలు ఏమి చేయగలరు?” ఈ మాటకు జవాబుగా ఆఫ్రికా ఖండములోని యొక బీద గ్రామపు బాలుని సంగతి మీ యెదుట పెట్టుచున్నాను.

ఆ ఖండపు ఆగ్నేయ భాగమున మలావీ అను చిన్న దేశము కలదు. అచ్చటి జనులు ముఖ్యముగా మొక్కజొన్న పండించుకొని, ఆ పిండితో మన సంకటి వంటి యాహారము వండుకొని తిందురు. 2001వ సంవత్సరమున అక్కడ మొదట వరదలు, తరువాత అనావృష్టి పంటను పాడుచేసెను. దేశమునకు ఆపత్కాలముకొరకు దాచియుంచిన ధాన్యము అంతకుమునుపే అమ్మివేయబడెను. ఐగుప్తులో యోసేపు సమృద్ధి దినములలో కొట్లు నింపించెను గదా. ఇక్కడ కొట్లు ఖాళీగా నుండగా కరవు వచ్చెను. 2002లో అనేకులు ఆకలిచేత మరణించిరి.

కాసుంగు జిల్లాలో విలియం కమ్‌క్వంబా అను రైతుబిడ్డ అప్పుడు 14 ఏండ్లవాడు. ఇంటిలో దినమునకు ఒక్కపూట మాత్రమే తినిరి. ఫీజు కట్టలేక బడి మానుకొనవలసి వచ్చెను. అయినను అతడు ఊరక కూర్చుండలేదు. దగ్గరి ప్రాథమిక పాఠశాలలో దానముగా వచ్చిన పుస్తకములతో నొక చిన్న గ్రంథాలయముండెను. అక్కడ శక్తిని గూర్చిన యొక ఇంగ్లీషు పుస్తకము అతనికి దొరికెను. ఆ భాష అతనికి సరిగా రాదు. బొమ్మలు చూచి, వాటి క్రింది మాటలకు అర్థము వెదకుకొని చదివెను. గాలిమర విద్యుత్తు పుట్టించును, నీరు తోడును అని తెలిసికొనెను. నీరు తోడినయెడల వానకై ఎదురుచూడక రెండవ పంట వేసికొనవచ్చును గదా యని అతడు ఆలోచించెను.

చేతిలో సొమ్ము లేదు. చెత్తకుప్పలో వెదకెను. విరిగిన సైకిలు చట్రము, ట్రాక్టరు ఫ్యాను, సైకిలు డైనమో అతని సామగ్రి. నీళ్ల గొట్టములను కాచి, చదునుచేసి రెక్కలు చేసెను. నీలగిరి చెట్ల దుంగలతో గోపురము కట్టెను. గాలికి రెక్కలు తిరుగును, వాటితో సైకిలు చక్రము తిరుగును, చక్రముతో డైనమో తిరిగి కరెంటు పుట్టును. సైకిలు తొక్కినప్పుడు దీపమును వెలిగించు ఆ చిన్న పరికరము మన పెద్దలందరు ఎరిగినదే. తొక్కు కాలికి బదులు గాలి, అంతే భేదము.

ఊరివారు అతనికి పిచ్చి పట్టినదనిరి. దావీదు ఏలా లోయకు వచ్చినప్పుడు అన్నయైన ఏలీయాబు కోపపడి, ఆ కొద్ది గొఱ్ఱెలను ఎవరికి అప్పగించి వచ్చితివని హేళన చేయలేదా (1 సమూయేలు 17:28)? పిల్లల నేర్పును మొట్టమొదట హేళన చేయువారు పరాయివారు కారు. అయితే గాలి వీచెను, దీపము వెలిగెను. హేళన చేసినవారే తరువాత తమ ఫోనులకు చార్జింగు పెట్టుకొనుటకు అతని యింటియొద్ద వరుసగా నిలిచిరి. మొదటి గాలిమర దీపములకే చాలెను. నీటికొరకు అతడు ఇంకను పాటుపడి, తరువాతి కాలమున సూర్యరశ్మితో పనిచేయు పంపును ఊరికి అమర్చెను. 2014లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పట్టము పొందెను. అయినను తన దేశమును మరువక, అక్కడి బడులను బాగుచేయుటకు పూనుకొనెను.

ఇక్కడ నొక సంగతి గమనింపుడి. డైనమో కొనుటకు సొమ్మిచ్చినవాడు ఒక స్నేహితుడు. పుస్తకములను దానమిచ్చిన వారెవరో ఈ బాలుని ముఖమైనను ఎరుగరు. బెసలేలు సంగతియు ఇట్టిదే. అతడు గుడారమునకు కావలసిన బంగారమును తన యింటినుండి తేలేదు. జనులు తెచ్చిరి. స్త్రీలు వడికిన నూలు తెచ్చిరి, మేకవెండ్రుకలు వడికిరి. చాలినంతకంటె మిక్కిలిగా తెచ్చుచున్నారని, ఇక చాలునని మోషే చాటింప వలసివచ్చెను. వరము ఒక్కని చేతిలో నుండును. దానికి కావలసినది అందరి చేతులలో నుండును. తెచ్చువారు లేనియెడల బెసలేలు నేర్పు ఏమగును?

వేరొక దృష్టాంతము చెప్పెదను. 2014లో అమెరికాలోని ఫ్లింట్ అను పట్టణమునకు నీరు వచ్చు ఆధారమును మార్చిరి. ఆ నీటిని సరిగా శుద్ధి చేయనందున పాత గొట్టములలోని సీసము నీటిలో కలిసెను. సీసము పసిపిల్లల మెదడుకు హాని చేయును. ఈ వార్త విన్న గీతాంజలి రావు అను భారత సంతతి బాలిక, కంటికి కనబడనంత సన్నని కర్బన గొట్టములతో నీటిలోని సీసమును పసిగట్టు పరికరమునకు నమూనా చేసెను. 2017లో ఆ దేశపు బాల శాస్త్రజ్ఞుల పోటీలో ప్రథమ బహుమతి పొందినప్పుడు ఆమెకు 11 ఏండ్లు. అది అప్పటికి నమూనా మాత్రమే. కాని జెకర్యా ప్రవక్త చెప్పినట్టు, చిన్న ఆరంభముల దినమును తృణీకరింపకుడి (జెకర్యా 4:10). ఆ బాలిక తన ఇంటి నీళ్లను గూర్చి గాక, ఎరుగని పిల్లల నీళ్లను గూర్చి చింతించెను.

అయితే నేర్పంతయు మేలైనది కాదు. షీనారు మైదానములో ఇటుకలు కాల్చినవారును నేర్పరులే. అది ఆ దినములలో కొత్త విద్య. రాళ్లకు బదులు ఇటుకలు వాడిరి. దేవుడు ఇటుకలమీద కోపపడలేదు. తమకు పేరు సంపాదించుకొనుటకు ఆకాశమునంటు గోపురము కట్టిరి, అదియే తప్పు (ఆదికాండము 11:4). బాబెలు గోపురము కట్టినవారి పేరు కొరకు నిలిచెను. మలావీ గోపురము ఆకలిగొన్న యింటికొరకు నిలిచెను. యౌవనులారా, మీరు చేయబోవు ప్రతి పనిని ఈ ప్రశ్నతో తూచుడి: ఇది నా పేరు కొరకా, నా పొరుగువాని ఆకలి కొరకా?

మరియొక మాట. యంత్రము నీరు తోడును గాని పాపమును కడుగలేదు. దీపము ఇంటిని వెలిగించును గాని ద్వేషించు హృదయమును వెలిగింపలేదు. ఆ పని క్రీస్తు రక్తమునకే చెల్లును. యంత్రమును దేవునిగా చేయకుడి. దేవుడిచ్చిన నేర్పును దయ్యపు పనియనియు చెప్పకుడి.

కావున మూడు మాటలు చెప్పి ముగించెదను.

యౌవనులారా, మీ ఫోనులో ఆ బాలుడు కలగనని గ్రంథాలయమున్నది. దానిని కాలక్షేపమునకే వాడుదురా? మీ ఊరిలో దేనికి కొరత యున్నదో మొదట చూడుడి: త్రాగునీరా, చేనికి నీరా, వృద్ధుల మందులా? అటుతరువాత పుస్తకము తెరవుడి.

తలిదండ్రులారా, పిల్లవాడు పాత రేడియో విప్పి చూచినప్పుడు కొట్టకుడి. ఏమి చూచితివని అడుగుడి. ఆడపిల్ల అడిగిన ప్రశ్నకు, నీకెందుకని జవాబియ్యకుడి.

సంఘపెద్దలారా, కోతపండుగ కానుకలలో కొంత భాగము ప్రత్యేకించి, మన గుడిలో నొక అరమర నిండ విజ్ఞానశాస్త్ర పుస్తకములు పెట్టుదము. తెలుగు పుస్తకములు, బొమ్మలున్న పుస్తకములు పెట్టుదము. దాని తాళపుచెవి పిల్లలకు అందునట్లు ఉంచుదము. బడి మానుకొన్న బిడ్డ మొదట వచ్చు స్థలము గుడియే యగును గాక.

ప్రార్థన: బెసలేలును పేరుపెట్టి పిలిచిన మా తండ్రీ, మా పిల్లలను కూడ పేరుపెట్టి పిలువుము. వారి చేతులకు నేర్పును, హృదయములకు కనికరమును దయచేయుము. వారి పనికి కావలసినది సంతోషముగా తెచ్చు మనస్సు మాకిమ్ము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.