కత్తిరించిన నిజం

నెల్లూరులో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. ఇంటి పన్ను కట్టేవాళ్లు, పరీక్షలకు దరఖాస్తు పెట్టేవాళ్లు, డబ్బులు కట్ అయి తెర మీద 'పెండింగ్' అని వస్తే గుండె జారిపోయేవాళ్లు, అందరూ చివరికి అడిగేది ఒకటే. 'స్క్రీన్‌షాట్ తీసి ఇయ్యన్నా, రుజువుగా ఉంటాది.' కళ్లెదుట కనపడినదానికి ఇక తిరుగేముంది అని వాళ్ల ధీమా. ఆ ధీమాలో ఎంత పస ఉంది? అన్నీ నిజాలే ఉన్న బొమ్మ అబద్ధం చెప్పగలదా?

తెరను పట్టుకోవడానికి కంప్యూటర్లోనే ఏర్పాట్లున్నాయి, కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. ఆల్ట్ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కితే ముందున్న విండో ఒక్కటే వస్తుంది. విండోస్ మీటతో కలిపి నొక్కితే తెర రెప్పపాటు మసకబారి, మొత్తం బొమ్మ పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్లో వరస నంబరుతో చేరుతుంది. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే మాత్రం తెరంతా మబ్బు పట్టినట్టయి, బాణం గుర్తు కాస్తా ప్లస్ గుర్తవుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కావాలో మనమే మౌస్‌తో గీసుకోవాలి. మొదటి రెండింటిలో నేను మీట నొక్కి ఊరుకుంటాను. మూడోదాంట్లో హద్దు గీస్తాను. నా లెక్కలో ధర్మాధర్మాల పేచీ ఆ హద్దు దగ్గరే మొదలవుతుంది.

ఒకరోజు ఒక పెద్దాయన వాట్సాప్ వెబ్ తెరిపించి, తమ్ముడి మెసేజీ ఒకటి చూపించాడు. 'నీకు మాత్రం ఇంక పైసా కూడా పంపను.' దాన్ని తీసి ఇస్తే బంధువుల గ్రూపులో పెడతాడట. దాని పైనే అదే తమ్ముడి మాట ఇంకొకటి ఉంది. 'అమ్మ మందులకు ప్రతి నెలా నేనే పంపిస్తా.' నేను రెండూ కలిసేలా గీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. 'పైదెందుకు నాయనా, కింద ముక్క చాల్లే. నేనేమన్నా లేనిది రాయమన్నానా?'

ఆయన వాదనలో తప్పు పట్టడం అంత తేలిక కాదు. ఆ మాట తమ్ముడిదే. ఒక్క అక్షరం మారలేదు. తేదీ, టైము అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆ ముక్క చూసిన మేనమామలకూ మేనత్తలకూ కనపడేది తల్లిని గాలికొదిలేసిన కొడుకు. అలాంటివాడు ఎక్కడా లేడు. 'రెండు మాటలూ ఉండేటట్టయితే తీస్తా, లేకుంటే నా వల్ల కాదు పెద్దాయనా' అన్నాను. విసుక్కుంటూ లేచిపోయాడు.

భారతంలో ద్రోణపర్వం విన్నవాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ పేరే ఉన్న ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని భీముడు కేకలేశాడు. ద్రోణుడు నమ్మలేదు. తిన్నగా ధర్మరాజునే అడిగాడు. ఆయన అశ్వత్థామ చచ్చాడన్నది గట్టిగా పలికి, ఏనుగన్నది వినపడకుండా గొణిగాడు. రెండు ముక్కలూ నిజమే. వినిపించిన ముక్కకు ద్రోణుడి ప్రాణం పోయింది. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకు దిగిందంటాడు వ్యాసుడు.

ఇందులో నన్ను పట్టి ఆపేది ద్రోణుడి ప్రశ్న. కురుక్షేత్రంలో అంతమంది ఉండగా ధర్మరాజునే ఎందుకడిగాడు? ఆయన చెబితే నిజమవుతుందని. న్యాయశాస్త్రంలో గౌతముడు నాలుగు ప్రమాణాలు చెప్పాడు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఏ మాట పడితే ఆ మాట కాదు, ఆప్తుడి మాట, నమ్మదగినవాడి మాట. మనమంతా స్క్రీన్‌షాట్‌ను ప్రత్యక్షం ఖాతాలో వేస్తున్నాం, కంటితో చూశాం కదా అని. నిజానికి మనం చూసింది తెరను కాదు, తెరలో ఎవరో గీసి ఇచ్చిన ముక్కను. అది శబ్దం ఖాతాలోది. ఇచ్చినవాడు ఎంత నమ్మదగినవాడో ఆ బొమ్మ విలువ అంతే.

చిక్కేమిటంటే ఆ ఇచ్చినవాడు బొమ్మలో ఉండడు. ప్రింట్ స్క్రీన్ నొక్కితే మౌస్ బాణం కూడా బొమ్మలోకి రాదు. ఎవరు నొక్కారో, గీత ఎక్కడ ఆపారో, ఎందుకాపారో ఏదీ తెలియదు. చట్టం ఈ లోటు కనిపెట్టింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కంప్యూటర్ రికార్డుకు ధ్రువపత్రం జత చేయమంటుంది. పాత చట్టంలో ఇదే పని 65బీ చేసేది. అంటే బొమ్మ ఒక్కటే వచ్చి బోనెక్కితే చాలదు, దాని వెనక సంతకం పెట్టే మనిషి కావాలి. బంధువుల గ్రూపులో ఆ సంతకం అడిగేవాళ్లెవరు? అక్కడ మనిషి తనకు తానే పూచీ పడాలి.

అయితే గీత గీయడమే పాపం, ఉన్నదంతా చూపించడమే ధర్మం అనేసి చేతులు దులుపుకోవచ్చా? భారతం అందుకూ ఒప్పుకోదు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడనే తపస్వి కథ చెబుతాడు. నిజం తప్ప పలకనని వ్రతం పట్టినవాడు. దొంగలకు జడిసి కొందరు అడవిలో దాక్కున్నారు. వెంటపడి వచ్చిన దొంగలు వాళ్లెటు పోయారని అడిగితే ఈయన ఉన్నదున్నట్టు చెప్పాడు. దొంగలు వాళ్లను చంపేశారు, సత్యవ్రతుడు నరకానికి పోయాడు. మా సెంటర్లో కౌశికులకు కొదవ లేదు. పిల్లకు మార్కులు బాగా వచ్చాయన్న సంబరంలో హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నీ కనపడేటట్టు తెర మొత్తం తీసి ఊరందరికీ పంపేస్తారు. అన్నీ నిజాలే. ఏ మోసగాడి చేతిలో పడితే ఆ పిల్లకెంత చేటో ఆలోచించరు.

కాబట్టి తేల్చుకోవలసింది కత్తిరించాలా వద్దా అన్నది కాదు. దాచింది ఎవరి కోసం, దాచినట్టు చూసేవాడికి తెలుస్తుందా అన్నవి రెండే నాకు ముఖ్యం. అందుకే ఆధార్ కాగితమైనా బ్యాంకు స్టేట్‌మెంటైనా నేను అంచు కత్తిరించను. దాచాల్సిన అంకెల మీద నల్ల పట్టీ వేస్తాను. హైలైటర్ పనికిరాదు, కింది అంకెలు కనపడిపోతాయి, చిక్కటి నలుపే ఉండాలి. పట్టీ ఉన్నచోట ఏదో దాచారని చూసేవాడికి తెలుస్తుంది, కావాలంటే అడుగుతాడు. అంచు కోసేసిన బొమ్మలో అడగడానికే చోటుండదు, అదే మొత్తమనుకుంటాడు.

అయినా కోసేసింది నిజంగా పోతుందా? 2023 మార్చిలో ఒక లోపం బయటపడింది. విండోస్ 11లో తెర బొమ్మలు తీసే స్నిప్పింగ్ టూల్‌లో, సేవ్ చేసిన బొమ్మను కత్తిరించి మళ్లీ అదే ఫైలు మీద సేవ్ చేస్తే, కోసేసిన భాగం తాలూకు డేటా కొంత ఫైలు చివర మిగిలిపోయేది. తెలిసినవాళ్లు దాన్ని బయటికి లాగగలిగేవారు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఫైలుకు సరే. కోసినవాడి సంగతో? పై మాట ఏమిటో ఆ పెద్దాయనకు తెలుసు. ఎన్ని గ్రూపుల్లో ఎవరెన్ని రకాలుగా నమ్మినా ఆయన మనసులో అది చెరగదు. చేసిన పని తాలూకు సంస్కారం చేసినవాడినే అంటుకుని ఉంటుందని మన కర్మసిద్ధాంతం చెప్పేదీ అదే.

ధర్మరాజు ఆ రోజు 'నన్నడగవద్దు ఆచార్యా' అని ఉంటే యుద్ధం ఏమయ్యేదో నేను చెప్పలేను, పాండవులు ఓడిపోయేవారేమో కూడా. కానీ ఏదో దాస్తున్నాడని ద్రోణుడికి తెలిసేది. చెప్పనని చెప్పడంలో అబద్ధం లేదు. అందుకే దాచడాన్ని నేను తప్పనను, దాచిన సంగతినే దాచడాన్ని అంటాను.