శల్యదోషం

స్థలం కొనేటప్పుడు మనవాళ్లు చూడనిదంటూ ఉండదు. ఈశాన్యం తెగిందా, వీధిపోటు ఉందా, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, ఈ.సి. తీయించారా... ఇన్నీ అయ్యాక గానీ బయానా ఇవ్వరు. వెనకటికి వీటన్నిటికంటే ముందు ఇంకొకటి చూసేవారట, భూమిలో శల్యం ఉందా అని. శల్యమంటే ఎముక. ఎముకలూ, బొగ్గులూ లాంటివి ఉంటే తవ్వి తీసేశాకే శంకుస్థాపన చేయాలని వాస్తువాళ్లు చెబుతారు. నాకు వాస్తు మీద పెద్ద గురి లేదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం భలే నచ్చుతుంది. "నీ కడుపులో ఏముంది తల్లీ?" అని నేలను అడిగి మరీ ఇల్లు కట్టమనడం మర్యాదే కదా!

ఆ మర్యాద పాటించని ఊరొకటి అమెరికాలో ఉంది. నయాగరా జలపాతం పక్కనే, లవ్ కెనాల్ అని. పేరు వింటే సినిమాపాట తీసే చోటులా ఉంటుంది గానీ, లవ్ అన్నది కాలవ తవ్వించబోయిన పెద్దమనిషి ఇంటిపేరు. 1890ల్లో మొదలెట్టి సగంలో వదిలేశాడు. ఆ గోతిలో 1942 నుంచి 1953 దాకా హుకర్ అనే రసాయనాల కంపెనీ దాదాపు 21 వేల టన్నుల విషపు చెత్త పోసి, పైన మట్టి కప్పేసింది. 1953లో ఆ స్థలాన్ని ఊరి స్కూలు బోర్డుకి అమ్మేసింది. ఎంతకో తెలుసా? ఒక్క డాలరుకి! అక్కడ బడి వచ్చింది, చుట్టూ ఇళ్లు వచ్చాయి. అందులో చేరినవాళ్లంతా ఫ్యాక్టరీల్లో పనిచేసుకునే మామూలు సంసారులు. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇళ్ల నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరడం మొదలైంది.

ఇక్కడే నాకూ మావారికీ వాదన. "కంపెనీ మోసం చేసిందనడానికి లేదు. భూమిలో రసాయనాలున్నాయని దస్తావేజులో రాసింది. ఏం జరిగినా మాది పూచీ కాదనీ రాసింది. కొన్నవాళ్లు చదువుకోవద్దూ?" అంటారాయన.

నిజమే, రాసింది. కానీ చెప్పినంత మాత్రాన చేతులు శుభ్రమైపోతాయా? నిన్నటి పులుసు పనిమనిషి గిన్నెలో పోస్తూ, "వాసనొస్తోందేమో, చూసుకు తినవే" అనే ఇల్లాళ్లు మనలో లేకపోలేదు. రేపు దాని బిడ్డకి వాంతులైతే, "నేను ముందే చెప్పానుగా" అంటే సరిపోతుందా? చెప్పడం మన తప్పు దింపుకోవడానికా, ఎదుటివాళ్లు ఆపద తప్పించుకోవడానికా అన్నదే అసలు ప్రశ్న. హుకర్ కంపెనీ చెప్పింది మొదటి రకం. పైగా, ఆ కాగితం స్కూలు బోర్డు బీరువాలో ఉంటుంది. ఆ నేల మీద ఆడుకునే పిల్లాడి చేతిలో ఉండదు.

ఈ గుట్టంతా బయటికి లాగినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది లోయిస్ గిబ్స్ అనే ఇల్లాలిని. 1978లో ఆమెకి 27 ఏళ్లు. ఆ బడికి వెళ్లే కొడుక్కి మూర్ఛలు వస్తుంటే, పేపర్లో కాలవ సంగతి చదివి, రెండూ కలిపి చూసుకుంది. ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టి సంతకాలు పట్టింది. అదే ఏడు ఆగస్టులో ప్రెసిడెంటు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. అంతా కలిపి తొమ్మిది వందలకు పైగా కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి. 1980 డిసెంబరులో, మురికి చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలనే చట్టం వచ్చింది.

మరి అలాంటి నేలను బాగుచేయడమెలా? ముందు పాత కాగితాలు తిరగేస్తారు: ఇక్కడ ఏ ఫ్యాక్టరీ ఉండేది, ఏం తయారు చేసేది అని. వీధిలో పాతకాపులను అడుగుతారు. అనుమానం వస్తే బోర్లు దింపి, మట్టీ నీరూ తీసి పరీక్షకు పంపుతారు. శల్యపరీక్షే అనుకోండి, పంతులుగారి బదులు ప్రయోగశాల! ఆ తర్వాత విషపు మట్టి తవ్వి వేరేచోటికి తరలించడమో, పైన బంకమట్టీ ప్లాస్టిక్ పొరా కప్పి కంచె వేయడమో చేస్తారు. లవ్ కెనాల్‌లో చేసింది ఈ రెండోది. చెత్త ఇప్పటికీ భూమిలోనే ఉంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత జరిగింది. 1990లలో దాని ఉత్తరపు వైపు ఇళ్లకు మరమ్మతులు చేసి, పేటకి కొత్త పేరు పెట్టి, బయటి రేటుకంటే ఇంచుమించు 20 శాతం తక్కువకి అమ్మారు. చవగ్గా వస్తే ఎవరు కొంటారు? ఇంకెక్కడా కొనలేనివాళ్లు! అంటే, భయాన్ని కూడా లెక్కగట్టి ధరలో తగ్గించి, దాన్ని లేనివాళ్లకి అంటగట్టినట్టే కదా?

అమెరికా దాకా ఎందుకు, మన భోపాల్ చూడండి. 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన ఆ ఫ్యాక్టరీలో మూలనపడి ఉన్న 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో పన్నెండు కంటెయినర్లలో పీథంపూర్‌కి తరలించారు. నలభై ఏళ్ల తర్వాత! "మా ఊరికెందుకు?" అని పీథంపూర్ జనం వీధుల్లోకి వచ్చారు. హైకోర్టు పర్యవేక్షణలో జూన్ నెలాఖరుకి దాన్ని కాల్చడం పూర్తయింది. మిగిలిన బూడిదా తదితరాలు 800 టన్నుల పైమాటే. కాల్చేటప్పుడు సున్నం వగైరాలు కలుపుతారు మరి. ఇంత చేసినా, ఫ్యాక్టరీ ఆవరణలోని మట్టీ, చుట్టుపక్కల భూగర్భజలమూ బాగుపడే పని మిగిలే ఉంది.

మన గడప ఊడ్చి పక్కింటి గుమ్మంలో పోస్తే శుభ్రం అనం. అలాగని ఎక్కడా పోయకూడదంటే భోపాల్ వాళ్లు ఇంకో నలభై ఏళ్లు దాంతోనే కాపురం చెయ్యాలి. ఎక్కడో ఒకచోట పోయక తప్పదు. కాబట్టి న్యాయం "ఎక్కడ పోశారు" అన్నదాంట్లో మాత్రమే లేదు. పోసేముందు ఆ ఊరివాళ్లకి నిజం చెప్పారా, వాళ్ల మాట విన్నారా, ఖర్చూ కాపలా ఎవరివి అన్నదాంట్లో ఉంది. పీథంపూర్ వాళ్ల కోపం బూడిద మీద కన్నా, తమను అడగకపోవడం మీదే ఎక్కువేమోనని నాకనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. "శుభ్రం" అన్న మాటకి ఇంజనీర్ల దగ్గర ఒక్క అర్థం లేదు. కార్లు నిలబెట్టుకునే స్థలానికి ఒక శుభ్రం, పిల్లలు మట్టిలో ఆడుకునే చోటుకి ఇంకో శుభ్రం. రెండోదానికి డబ్బెక్కువ. అందుకని కలిగినవాళ్ల పేటలో పసిపిల్లల కొలతా, లేనివాళ్ల పేటలో కార్ల కొలతా పెట్టాలనిపిస్తుంది లెక్కలు వేసేవాళ్లకి. ఏ కొలత అన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చే విషయం కాదు. అది ధర్మానికి సంబంధించింది. మీ ఊళ్లో మూతబడ్డ ఫ్యాక్టరీ స్థలంలో రేపు ఇళ్లు కడతామని ఎవరైనా వస్తే, గజం ఎంత అని తర్వాత అడుగుదురుగాని, ముందు "ఎవరికి తగ్గ శుభ్రమండీ ఇది?" అని అడగండి. జవాబు చెప్పేవాడు తన పిల్లల్ని అక్కడ ఆడుకోనిస్తాడో లేడో, అదీ కనుక్కోండి.