పూత రాలిన తోట

బనగానపల్లెలో ఒక డాక్టరు. హస్తవాసి మంచిదని పేరు. నాలుగు డబ్బులు చేరాక యాగంటి దారిలో మామిడితోట కొన్నాడు, అన్నీ బేనిషా చెట్లే. సంక్రాంతి దాటేసరికి తోటంతా పూత. మందు కొట్టే పని ఒకతనికి గుత్తకిచ్చాడు. అతను పంపు భుజానేసుకుని వచ్చి, తేనెమంచు పురుగని మందు కొట్టి పోయాడు. కొన్నాళ్ళకు పూత మాడి రాలింది. డాక్టరు పూతకాడను బొటనవేలితో రుద్ది చూస్తే వేలికి తెల్లటి పొడి అంటింది. బూడిద తెగులు!

రచ్చకట్ట దగ్గర పంచాయితీ పెట్టించాడు.

"కొట్టేముందు పూత పట్టి చూసినావా అప్పా?"

"లేదు సార్. అందరి తోటల్లో తేనెమంచే కదా అని కొట్టినా."

"గాలివానకు రాలితే నిన్ను ఒక్కమాట అంటానా? సరైన మందు కొట్టినా తెగులు పోకుంటే నా ఖర్మ అనుకుంటా. చూడకుండా కొడితివే, దానికి నష్టం కట్టాల్సిందే."

పెద్దమనుషులు తలూపారు. ఆ మాటలో వంక పెట్టడానికేముంది?

వెనక కూర్చున్న ముసలామె లేచి, కొంగుముడి విప్పి, నాలుగు మడతల చీటీ తీసింది. నాపరాయి గనిలో పనిచేసే ఆమె కొడుకు చలిజ్వరంతో ఆరు రోజులు ఈ డాక్టరు దగ్గరే సూదులు వేయించుకున్నాడు. ఏడోరోజు కర్నూలు పెద్దాసుపత్రిలో పోయాడు.

"సారూ, మావాని రక్తం తీసి చూసినావా?"

చీటీ పైన టైఫాయిడ్ అని ఉంది. కింద మందులున్నాయి. పరీక్ష మాటే లేదు. "ఆ నెల్లో అందరికీ టైఫాయిడే..." అనబోయి డాక్టరు ఆగిపోయాడు. మందు కొట్టినతను తలెత్తి చూశాడు.

నీతి: డాక్టరు ప్రాణానికి పూచీ పడనక్కర్లేదు. చూడాల్సింది చూడాలి, చట్టం అడిగేది అంతే. కథ కల్పితమే గానీ, ఇలాంటిది హైదరాబాదులో నిజంగానే జరిగింది. 2002లో మలేరియా సోకిన ఒకామెకు ఒక ఆస్పత్రి టైఫాయిడ్ వైద్యం చేసింది, ఆమె చనిపోయింది. భర్త ఉద్యోగం మలేరియా శాఖలోనే, విధి ఎంత వెక్కిరించిందో చూడండి! జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్ కొట్టేసింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది, ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదంది.

ఫీజు తీసుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. 2019 చట్టం వచ్చాక హైదరాబాదు ఆస్పత్రి మీదైనా మన జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు. కేసుషీటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి 2002 నిబంధనల్లో ఉంది. ఏడుస్తున్న ఇంటివాళ్ళకు ఆ సంగతి తోచదు, పక్కనున్న బంధువే గుర్తుచేసి రాతపూర్వకంగా అడిగించాలి.