పల్లవి మరల మరల ఏల?

చదువవలసిన భాగములు: కీర్తన 136, మత్తయి 6:7, 26:36–44



మన తుమ్మలపల్లె వంటి గ్రామములలో చదువెరుగని పెద్దలు సయితము కీర్తనలు పాడుదురు. చరణము మరచినను పల్లవి మరువరు. ఇందులో మనకొక పాఠమున్నది.

డెన్మార్కు రాజు పంపిన మిషనరీలు 1706లో తరంగంబాడిలో దిగిరి. తరువాత ఆ మిషనులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. డేనిష్ వారి కీర్తనలలో ప్రాస పాదము చివర పడును. నడక మాటలలోని ఊనికను బట్టి సాగును. మన పద్యములో ప్రాస రెండవ అక్షరమునందుండును, నడక గురులఘువులది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పల్లవి చరణములతో క్రీస్తును కొనియాడిరి. హెబ్రీ కీర్తనకారుడో, ఒక తలంపు చెప్పి దానినే మరియొక విధముగా చెప్పును.

తర్జుమాలో ప్రాస పోవును, ఛందస్సు పోవును. పోనిది పునరుక్తి. 136వ కీర్తనలో 26 వచనములున్నవి. ప్రతి వచనము చివరను దేవుని కృపకు అంతము లేదను ఒకే మాట. సూర్యచంద్రులు, ఎర్రసముద్రము, అరణ్యము, ఆహారము: చరణము మారుచున్నది, పల్లవి మారుటలేదు.

వ్యర్థమైన మాటలు వల్లించవద్దని ప్రభువు చెప్పెను గదా? అవును. అయినను గెత్సేమనేలో ఆయనే మూడవమారు ఆ మాటలతోనే ప్రార్థించెను. మాటల లెక్కతో దేవుని వంచగలమనుకొనుట వ్యర్థము. అదే మాట మన హృదయమును తండ్రి చిత్తమునకు వంచినయెడల అది ప్రార్థన.

వానలు తప్పి వేరుసెనగ ఎండిన యేట, బోరులో నీరు పడక అప్పు మాత్రమే మిగిలిన యింట ఈ పల్లవి నోట రాదు. మేమును కొన్ని దినములు పెదవులతోనే పాడితిమని ఒప్పుకొనుచున్నాము. కాని 23వ వచనము చూడుడి. దీనదశలో మనలను జ్ఞాపకము చేసికొనిన దేవుడు అచ్చటనున్నాడు. అచ్చటను పల్లవి అదే.

ఒకరు చెప్పగా సంఘమంతయు బదులు పలుకుటకు తగిన కీర్తన యిది. కావున నోరు పెగలని సహోదరుని ప్రక్కన నిలిచి మనము పల్లవి అందుకొందము. అతని పొలమునకు విత్తనములు, అతని పిల్లలకు అన్నము తీసికొనిపోదము. ఆ పని చేయనియెడల మన పాట వట్టి మ్రోతయే.

మారని కృపగల తండ్రి మన నోటి పల్లవిని మన చేతులలోనికి దింపును గాక. ఆమేన్.